కొలువులోనే ఉన్న ఆటో మీటరు గారికి

మహారాజశ్రీ హైదరాబాదు ఆటో మీటరు గారికి, తమ అంకెలు కదలగా చూసి చాలాకాలమైన ఒక ప్రయాణికుడు నమస్కరించి రాయునది ఏమనగా:

తమరు ఇంకా కొలువులోనే ఉన్నారన్న సంగతి ఈ నగరంలో చాలామందికి గుర్తులేదు. హ్యాండిల్ పక్కన, తుడుపుగుడ్డ ముసుగు కింద, దుమ్ము పట్టిన అద్దం వెనుక తమరు ఇప్పటికీ ఆసీనులై ఉన్నారు. తమరు లేకుండా ఆటో రోడ్డెక్కకూడదని చట్టం చెబుతోంది. తమ లెక్క సరిగ్గా ఉందని తూనికలు కొలతల శాఖ సీలు వేస్తోంది. హోదా ఉంది, సీలు ఉంది, కూర్చోవడానికి చోటుంది. లేనిదల్లా పని ఒక్కటే. ఇలాంటి ఉద్యోగం దొరికితే వద్దనేవారు మా కాలనీలో ఒక్కరు కూడా లేరని మనవి.

అయితే తమ జీతం సంగతి తలచుకుంటే జాలి కలుగుతుంది. 2014లో మొదటి 1.6 కిలోమీటర్లకు 20 రూపాయలు, ఆపైన కిలోమీటరుకు 11 రూపాయలు అని తమకు ధర కట్టారు. ఆ తరువాత పదేళ్లు దాటినా ఆ కాగితాన్ని ఎవరూ తిరగరాయలేదు. ఇదే కాలంలో తెలంగాణ ప్రభుత్వోద్యోగులకు 2015లో 43 శాతం, 2021లో 30 శాతం ఫిట్‌మెంట్ పేరిట జీతం పెరిగింది. నిన్నగాక మొన్న పట్టాలెక్కిన మెట్రో రైలు కూడా 2025లో తన గరిష్ఠ టికెట్టును 60 రూపాయల నుంచి 69కి జరుపుకుంది. తమకు మాత్రం జీతాలు సవరించే పీఆర్సీ లేదు, కరువు భత్యం లేదు, అడగడానికి సంఘమూ లేదు.

పొరుగూళ్లలోని తమ బంధువుల పరిస్థితి ఇలా లేదు. ముంబయి మీటరు 2025 ఫిబ్రవరి నుంచి మొదటి 1.5 కిలోమీటర్లకు 26 రూపాయలు చూపిస్తోంది. బెంగళూరు మీటరుకు అదే ఏడాది ఆగస్టు నుంచి మొదటి రెండు కిలోమీటర్లకు 36, ఆపైన కిలోమీటరుకు 18 చొప్పున కట్టారు. పది కిలోమీటర్ల ప్రయాణానికి ముంబయిలో సుమారు 171, బెంగళూరులో 180 అవుతుండగా, తమ లెక్క ప్రకారం హైదరాబాదులో సరిగ్గా 112 రూపాయల 40 పైసలు. కాగితం మీద చూస్తే దేశంలోని మహానగరాల ప్రయాణికులందరూ మమ్మల్ని చూసి అసూయపడాలి.

కాగితం దాటి సికింద్రాబాద్ స్టేషను బయటకు వస్తే కథ వేరుగా ఉంటుంది. మొన్న అక్కడ నిలబడి, భుజాన సంచీ, చేతిలో ఫోనుతో, మూడు యాప్‌లలో ఒకే గమ్యానికి ధరలు పోల్చే పనిలో పడ్డాను. మొదటిదానిలో ఆటోకు 186 కనిపించింది. రెండోదానిలో 171 అని ఉన్నా, దాని కిందే 10, 20, 30 అంటూ బక్షీసు బొత్తాలు వరుసగా నిలబడ్డాయి. అవి నొక్కితే గాని బండి కదలదన్న సంగతి ఈ నగరంలో పసిపిల్లలకు కూడా తెలుసు. మూడోది చిన్న కారుకు 249 అంది. పోనీ మొదటిదే మేలనుకుని వెనక్కి వెళ్లేసరికి 186 కాస్తా 204 అయింది. నేను నిలబడిన చోటు మారలేదు, వెళ్లవలసిన చోటు మారలేదు, వాన కూడా పడలేదు. సరేనని ఎదురుగా ఆగి ఉన్న ఆటో దగ్గరకు వెళ్లి తమ పేరు ఎత్తాను. డ్రైవరు నా వంక పరలోకం నుంచి వచ్చినవాణ్ని చూసినట్టు చూసి, "మీటరా? అది ఎప్పుడో ఖరాబైంది సార్. మీ ఫోన్ల ఎంత చూపిస్తున్నదో చూడుండ్రి, దాని మీద ముప్పై వేసి ఇయ్యుండ్రి" అన్నాడు.

ఆ విధంగా, తమ పక్కనే కూర్చుని సంపాదించుకుంటున్న మనిషికి ఇప్పుడు మీటరు నా జేబులో ఉన్నది. అతణ్ని తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. గ్యాసు ధర, ఫైనాన్సు వాయిదా, తిరుగు ప్రయాణంలో ఖాళీ సీటు, సైబరాబాదు ట్రాఫిక్‌లో కరిగిపోయే గంట, వీటన్నిటినీ 112 రూపాయల 40 పైసలలో ఇమడ్చమనడం అన్యాయం. తమను నిజాయితీగా తిప్పే డ్రైవరు నష్టపోయేలా ధర కట్టి ఉంచి, ఆ తరువాత మీటరు తిప్పడం లేదని చలానా రాయడం మన పాలకులకు మాత్రమే చేతనైన విద్య.

ఇంకో విచిత్రం తమ దృష్టికి తేవాలి. యాప్‌లవారు రద్దీ వేళ మూల ధరకు రెట్టింపు దాకా తీసుకోవచ్చునని, రద్దీ లేనప్పుడు సగానికి తగ్గకూడదని కేంద్రం 2025 జూలైలో మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ మూల ధర ఏదంటే, ఆ రకం బండికి రాష్ట్రం ప్రకటించిన ధరే. అంటే తుడుపుగుడ్డ కింద కునికిపాట్లు పడుతున్న తమ పాత అంకెనే సగంతోనో రెండుతోనో గుణించాలన్నమాట! అలా చూస్తే నా పది కిలోమీటర్లకు సుమారు 56 రూపాయలూ ఆ మార్గదర్శకాలకు సమ్మతమే, 224 రూపాయలూ సమ్మతమే. ఈ రెంటి నడుమ ఏ అంకె ఎందుకు కనిపించిందో అడిగితే చెప్పే నాథుడు లేడు. ఉబర్ వారైతే 2025 ఫిబ్రవరి నుంచి ఆటోల మీద కమీషను మానేసి, తెరమీది ధర సూచన మాత్రమేనని, మిగతాది డ్రైవరూ ప్రయాణికుడూ మాట్లాడుకోవాలని సెలవిచ్చారు. బేరం ఆడనక్కరలేదని చెప్పి మా చేత ఫోనులో యాప్ పెట్టించి, పదేళ్ల తరువాత మళ్లీ బేరానికే పంపించారు.

తమలో ఎన్ని లోపాలున్నా, తమ లెక్క ఇద్దరికీ ఒకేసారి కనిపించేది. వెనుక సీటులో నేనూ, ముందు సీటులో అతనూ ఒకే అంకెను చూస్తూ, ఒకే అంకె మీద తగవు పడేవాళ్లం. ఇప్పుడు నా తెరమీది అంకె అతనికి కనిపించదు, అతని తెరమీది అంకె నాకు కనిపించదు.

కాబట్టి తమకు విన్నవించుకునేది ఏమిటంటే, ఈసారి సీలు వేయించుకోవడానికి వెళ్లినప్పుడు ఊరికే తిరిగి రాకండి. ధర కట్టే రవాణా శాఖవారి గది దాకా వెళ్లి, ముంబయి, బెంగళూరు కాగితాలు బల్లమీద పెట్టి, జీతం సవరించేదాకా అక్కడే బైఠాయించండి. కిలోమీటరుకు 18 అన్నా ఇస్తాను. పది కిలోమీటర్లకు 180 అని అందరికీ కనబడేలా చూపిస్తే బేరమాడకుండా లెక్కపెట్టి ఇస్తాను, పైసలున్నా వదిలేయమని అడగను.

ఇట్లు,
మూడు యాప్‌లు ఉన్నా ఆటో దొరకని ఒక ప్రయాణికుడు