హబ్బర్డ్ యు గారికి, ఆత్రేయపురం నుంచి

యు గారికి,

మీ లెక్కల కూలీ నమస్కరించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. మీ విలువ ఎంతో తేలక నా కొత్త పదార్థం ఒక్కటే లోహమో, సెమీకండక్టరో తెలియకుండా పడి ఉంది.

మీరెవరని మొన్న మా మేనత్త అడిగింది. "రావులపాలెం బస్సులో ఒకరు కూర్చునే సీట్లో ఇంకొకరు ఇరుక్కుంటే గొడవ అవుద్ది కదా అత్తయ్యా, ఆ గొడవకి వేసే అంకే యు. సీటంటే పరమాణువులో డి ఆర్బిటాల్, మనుషులంటే ఎలక్ట్రాన్లు" అన్నాను. "గొడవ పక్కనున్నోళ్లని బట్టి కదరా, ముందే అంకె ఎలా వేస్తారు?" అంది. నా పేపర్లు చూసే రిఫరీలు కూడా ఇంత సూటిగా అడగలేదండీ.

మీ గొప్ప కాదనను. కోబాల్ట్ ఆక్సైడ్‌లో కరెంటు పారదని ప్రయోగాలు చెబుతుంటే, పదార్థంలో ఎలక్ట్రాన్ల తీరు కంప్యూటర్లో తేల్చే మామూలు డీఎఫ్‌టీ లెక్క దాన్ని లోహమనేది. 1991లో మిమ్మల్ని లెక్కలో కలిపి ఆ పరువు కాపాడారు. అక్కడిదాకా మీరు దేవుడే.

చిక్కల్లా నా రేకుతో. అత్తయ్య పూతరేకు గుడ్డతో కుండ మీద ఒక్క పూత. నాది అంతకంటే పల్చన, కొన్ని పరమాణువుల మందం. పైన 15 ఆంగ్‌స్ట్రామ్‌ల (మిల్లీమీటరులో కోటో వంతు ఒక ఆంగ్‌స్ట్రామ్) ఖాళీ కూడా వదిలాను, లేకపోతే కంప్యూటరు లెక్కలో ఒకదాని మీద ఒకటి పేర్చే దాని నకలే వచ్చి దానికి అంటుకుంటుంది. అత్తయ్య రేకులు అప్పుడప్పుడూ చిరుగుతాయి. నాది చిరగదు, ఇంతవరకూ ఎవరూ తయారు చేయలేదు కాబట్టి.

2017లో క్రోమియం ట్రైఅయొడైడ్ ఒక్క పొరలోనూ అయస్కాంతత్వం నిలుస్తుందని చూపించారు. కాకపోతే 45 కెల్విన్ దాకానే, అంటే మైనస్ 228 డిగ్రీలు. రోహిణీ కార్తెలో మా ఊళ్లో దాని సంగతి వేరే చెప్పాలా? అందుకే అందరూ గది వేడిమిలో నిలిచే రేకు కోసం వెతుకుతున్నారు. నాకు దొరికింది కూడానండి, మిమ్మల్ని 3 ఎలక్ట్రాన్ వోల్టులు (శక్తిని కొలిచే బుల్లి కొలత) అనుకుంటే. సున్నా అంటే ఉత్త లోహం. 5 అంటే పక్కపక్క స్పిన్‌లు, అంటే ఎలక్ట్రాన్ల బుల్లి అయస్కాంతాలు, తోడికోడళ్లలా ఎదురు తిరిగి మొత్తం అయస్కాంతత్వం హళ్లికి హళ్లి.

మిమ్మల్ని ఊహించక్కర్లేదు, లీనియర్ రెస్పాన్స్‌తో, అంటే పరమాణువుని కాస్త కదిపి ఎలక్ట్రాన్లు ఎంత స్పందిస్తాయో చూసి, లెక్కకట్టొచ్చని చదివి అదీ చేశాను. 5.2 వచ్చింది. మా సార్ ఫోన్లో ఒక్క క్షణం ఊరుకుని, "పాత పేపర్లో ఎంత పెట్టారు?" అన్నారు. మూడు పెట్టారు. ఆ పేపరు వేరే పదార్థం మీద. దానికి ముందు పేపరూ అంతే.

అత్తయ్య కూడా పిండి జారు చేత్తోనే చూస్తుంది. కానీ రేకు రాకపోతే పిండి మారుస్తుంది, కుండ మీద పేపరు రాయదు.

రేపు పదింటికి సార్ మళ్లీ ఫోన్ చేస్తారు. ఈలోపు మీరెంతో ఖాయం చేసుకుని కబురు పెట్టండి. మూడయితే చెప్పక్కర్లేదు, ఆ పేపరు సగం రాసేశాను.

ఇట్లు,
మీ విధేయుడు