కొండను కోసి గుడికి బోర్డు పెడితే సరిపోతుందా?

విశాఖకు చుట్టాలు వస్తే తిప్పే చోట్లు అందరికీ తెలిసినవే: ఆర్కే బీచ్, జలాంతర్గామి, కైలాసగిరి, సింహాద్రి అప్పన్న, ఓపిక మిగిలితే అరకు. ఈ మధ్య ఆ వరసలోకి పాత బౌద్ధారామం శిథిలాలున్న తొట్లకొండ కూడా చేరింది. సంతోషమే. కాకపోతే అక్కడికి ఎక్కినవారిలో చాలామంది స్తూపానికి వీపు తిప్పి, సముద్రాన్ని వెనకేసుకుని ఫొటో దిగి వచ్చేస్తారు. వారిని తప్పు పట్టడానికి లేదు. అక్కడ ఏం చూడాలో చెప్పే నాథుడు ఉంటేగా!

నన్నడిగితే, స్తూపం కన్నా ముందు తొట్ల దగ్గర నిలబడాలి. నౌకాదళం 1976లో చేసిన సర్వేలో బయటపడి, 1988 నుంచి 1993 వరకు తవ్వకాలు జరిగిన చోటు అది. సాతవాహనుల నాణేలతోపాటు రోమన్ వెండి నాణేలూ దొరికాయనగానే మన ఊహ ఓడల మీదకు పోతుంది. కానీ ఆ భిక్షువులు తాగిన నీళ్ల సంగతి? కొండ మీద నది లేదు. బండను ఉలితో తొలిచి తొట్లు చేశారు. పైన పడ్డ ప్రతి చినుకూ వాలు వెంబడి వచ్చి వాటిలో చేరేలా చూసుకున్నారు. వంటశాల, భోజనశాల, విహారపు గదులు అన్నీ ఆ నీటి మీదే నడిచాయి. భీమిలి పావురాలకొండ మీదా ఇలాంటి తొట్లే కనిపిస్తాయి. రెండు వేల ఏళ్ల కిందట వాన నీటితో కొండ మీద బతికి చూపించారు. ఇప్పుడు అదే కొండల నీడలో ఉన్న నగరం సుమారు 150 కిలోమీటర్ల కాలువ తవ్వుకుని ఏలేరు నీళ్లు తెచ్చుకుంటోంది!

అందుకే ఉత్తరాంధ్రలో చారిత్రక స్థలాన్ని కాపాడడమంటే కొండను కాపాడడమే అంటాను. బావికొండ, తొట్లకొండ, పావురాలకొండ, అనకాపల్లి దగ్గర శంకరం గ్రామపు బొజ్జన్నకొండ, లింగాలకొండ, విజయనగరం వైపు రామతీర్థం, ఇటు అప్పన్న వెలసిన సింహగిరి, అన్నీ కొండలే. లింగాలకొండలోనైతే కట్టడం వేరు, కొండ వేరు అనడానికే వీల్లేదు. ఆ చిన్న చిన్న స్తూపాలను కొండరాతిలోనే వరసలుగా చెక్కారు. కేంద్ర రక్షిత కట్టడానికి చట్టం 100 మీటర్ల నిషేధం, ఆపైన 200 మీటర్ల నియంత్రణ పెట్టింది. మైదానంలో ఉన్న గుడికి అది చాలుతుందేమో. కొండకు గజాలు కొలిచి గీత గీస్తే, గీత దాటిన మరుక్షణం పొక్లెయిన్ దిగుతుంది. తొట్లకొండ భూమిలో ఎంతమేర రక్షితం అన్న తగవు కోర్టు మెట్లెక్కింది ఇందుకే. కట్టడాల కోసం తవ్వేసిన రుషికొండ కథ మళ్లీ చెప్పనక్కర్లేదు. పచ్చదనం పోయిన చోట పచ్చ గుడ్డ కప్పడం లోకమంతా చూసింది.

రిసార్టులు, రోడ్లు లేకపోతే పర్యాటకుడు రాడని, పిల్లలకు ఉద్యోగాలు రావని అంటారు. గది కావాలి, దారి కావాలి, కాదనను. అవి కింద కట్టడానికి అడ్డెవరు? భీమిలి ఊళ్లో డచ్చివారి సమాధులున్నాయి, గంటస్తంభం ఉంది, పాత వీధులున్నాయి. ఆ ఊళ్లో ఒక రాత్రి ఆగేలా చేస్తే వచ్చే ఆదాయం స్థానికులకే దక్కుతుంది. ఆ పని ఎవరికీ పట్టదు. అందరికీ కొండకొమ్మే కావాలి.

ఈ విషయంలో మన జనమే ప్రభుత్వాల కన్నా తెలివైనవారు. ఆషాఢ పౌర్ణమికి సింహగిరి కింద తొలిమెట్టయిన తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, అడవివరం, హనుమంతవాక, జోడుగుళ్లపాలెం, సీతమ్మధార, మాధవధార మీదుగా 32 కిలోమీటర్లు నడిచే లక్షలమంది ప్రదక్షిణ చేసేది గుడికి కాదు, గిరికి. కృష్ణదేవరాయలు 1516లో, 1519లో ఇక్కడికి వచ్చినట్టు శాసనాలు చెబుతున్నాయి. అప్పన్న సన్నిధితోపాటు గంగధారలో స్నానమూ యాత్రలో భాగమే. వాలు మీది చెట్టు పోతే ఆ ధార ఎన్నాళ్లు పారుతుంది? విజయనగరంలోనూ 1713 నాటి కోట పక్కన పెద్దచెరువు ఉంది. పైడితల్లి అమ్మవారు దొరికింది ఆ చెరువులోనేనని జనం నమ్మకం. నీళ్లను విడిచి కోటను, గుడిని చూడడం మనవాళ్లకు ఎన్నడూ అలవాటు లేదు. మధ్యలో నేర్చుకున్న జబ్బు ఇది.

కాబట్టి ఈసారి నగర మాస్టర్ ప్లాన్‌ను ముట్టుకున్నప్పుడు అధికారులు చేయవలసిన పని ఒకటే. శిథిలాల చుట్టూ కాక, కొండ పాదం దగ్గర నుంచి గీత గీయాలి. ఆ లోపల కొత్త నిర్మాణం వద్దు, అది పర్యాటక శాఖదైనా సరే. అద్దాల వంతెనలకు ఖర్చు పెట్టే చేత్తోనే తొట్లలో పూడిక తీయించి, వచ్చే నైరుతి వానలకు నీళ్లు నిలిచేలా చేసి, పక్క పల్లెల కుర్రాళ్లకు ఆ కథ చెప్పే పని అప్పగించాలి.