మిగిలిన నాలుగు నిమిషాలు

ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం మొన్న జరిపిన దీపావళి సంబరాల్లో ఏం జరిగిందో హాల్లో ఉన్నవాళ్ళందరికీ తెలుసు. రానివాళ్ళకి ఈపాటికి వాట్సాప్‌లో తెలిసే ఉంటుంది. అయినా మన పత్రికలో ఒకసారి రాసి ఉండాలని రాస్తున్నాను, ఎందుకంటే ఫొటో ఆల్బమ్‌లో గానీ కార్యదర్శి గారి రిపోర్టులో గానీ ఆ స్కిట్ అసలు జరిగినట్టే లేదు.

పిల్లల కూచిపూడి అయింది, సినిమా పాటల మెడ్లీ అయింది, ఇండియా నుంచి వచ్చిన ముఖ్య అతిథి గారి ప్రసంగం కూడా అయింది. తర్వాత మన ఎంఎస్ పిల్లలు నలుగురు స్కిట్ వేశారు. మొత్తం పన్నెండు నిమిషాలు. పల్లెటూళ్ళో ఒక మామ్మ, చేతిలో రిమోట్. ఎన్నికలైన ప్రతిసారీ ఆమె టీవీలో ఒక చానల్ మాయమవుతుంది. కేబుల్ కుర్రాణ్ణి పిలిచి "ఏరా, నా చానల్ ఏదిరా?" అంటే వాడు స్తంభం ఎక్కి దిగి, "వైరు బాగానే ఉంది మామ్మా, మారింది ప్రభుత్వం" అంటాడు. హాలంతా నవ్వింది. రెండు పార్టీల వాళ్ళూ నవ్వారు, నేను చూశాను. మూడోసారి మాయమైన చానల్ పేరు వినబడగానే ముందు వరసలో ఎవరో లేచారు, ఒకరు సౌండ్ టేబుల్ దగ్గరికి వెళ్ళారు, ఎనిమిదో నిమిషంలో మైకులు ఆగిపోయాయి. మామ్మ వేషం వేసిన అబ్బాయి గొంతు పెంచి రెండు మాటలు చెప్పబోయాడు. ఈలోగా డీజే పాట పెట్టేశారు.

నాకు అంతకన్నా నొప్పి కలిగించింది తెర వెనక జరిగింది. మనలో ఒక పెద్దాయన ఆ అబ్బాయి భుజం మీద చెయ్యేసి, ప్రేమగానే, "వీసా మీద ఉన్నావు, నీకెందుకు బాబూ ఇవన్నీ?" అన్నారు. ఆయన వెళ్ళాక ఆ అబ్బాయి చీర కుచ్చిళ్ళు చేత్తో పట్టుకుని నా వైపు తిరిగి, "అంకుల్, నా ఎఫ్1కి ఏమన్నా అవుతుందా?" అని అడిగాడు. నవ్వుతూ అడగలేదు. 2025 జూన్‌లో అమెరికా ప్రభుత్వం స్టూడెంట్ వీసాకి అప్లై చేసేవాళ్ళు సోషల్ మీడియా ఖాతాలన్నీ పబ్లిక్‌గా పెట్టాలని చెప్పినప్పటి నుంచి ఈ పిల్లలు లైక్ కొట్టడానికి కూడా రెండుసార్లు ఆలోచిస్తున్నారు. ఆ భయం ఒక దేశం పెడితే, దాన్ని మన సంఘం తన స్టేజీ వెనక వాడుకుంది.

కార్యవర్గం చెబుతున్న కారణం నేను విన్నాను. మనది 501(సి)(3) సంస్థ, అంటే పన్ను మినహాయింపు ఉన్న సేవాసంస్థ, రాజకీయాలు రాకూడదు, అంతే కదా. ఆ నిబంధన ఎన్నికల్లో ఒక అభ్యర్థికి అనుకూలంగానో వ్యతిరేకంగానో ప్రచారం చెయ్యొద్దంటుంది. మామ్మ టీవీ గురించి స్కిట్ వెయ్యొద్దని ఎక్కడా లేదు. పైగా అదే స్టేజీ మీద గంట ముందు ముఖ్య అతిథి గారు తమ ప్రభుత్వం చేసిన పనుల గురించి ఇరవై అయిదు నిమిషాలు మాట్లాడారు. ఆయన మైకు ఎవరూ ఆపలేదు. ఆపాలని కూడా నేను అనను.

ఇప్పుడు మా ఇంటి సంగతి. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

మాది తెనాలి. నాన్న సహకార బ్యాంకులో చేసి రిటైరయ్యారు. పక్కిల్లు మాస్టారిది. ఇద్దరూ ఒకే బళ్ళో చదువుకున్నారు, ఎప్పుడూ ఒకే పార్టీకి ఓటెయ్యలేదు. మా ఇంటికి ఒక పేపరు, వాళ్ళింటికి ఇంకో పేపరు. పొద్దున్న ఎనిమిదిన్నరకల్లా ప్రహరీ గోడ మీద పేపర్లు చేతులు మారేవి. నాన్న కళ్ళజోడు సర్దుకుని అవతలి పేపరు మొదటి పేజీ నుంచి చివరిదాకా, తిట్టుకుంటూనే, చదివేవారు. సాయంత్రం అరుగు మీద అసలు పని. "మీ పేపర్లో ఈ వార్త మింగేశారేం?" "మీ దాంట్లో ఆ ఫొటో వెయ్యలేదేం?" అమ్మ రెండు గ్లాసుల్లో కాఫీ తెచ్చేదాకా, తెచ్చాక కూడా, అదే గొడవ. నాకు తెలిసిన పత్రికా స్వేచ్ఛ అదే. రాజ్యాంగంలో వాక్ స్వాతంత్ర్యం ఇచ్చే 19(1)(ఎ) గురించి చదివింది చాలా ఏళ్ళ తర్వాత.

2019లో ప్రభుత్వం మారాక నాన్న రాత్రిపూట చర్చ చూసే చానల్ రావడం ఆగిపోయింది. కేబుల్ ఆఫీసుకి నేను ఇక్కడి నుంచి ఫోన్ చేసి అరిస్తే, "పైనుంచే రావట్లేదు సార్" అన్నాడు పాపం ఆ అబ్బాయి. ఫోన్‌లో యూట్యూబ్ పెట్టుకోవడం నాన్నకి చేతకాలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది, ప్రజాస్వామ్యం గురించి పేజీలకి పేజీలు పోస్టులు పెట్టాను. 2024 జూన్‌లో ప్రభుత్వం మళ్ళీ మారింది, ఈసారి మాస్టారి చానల్ పోయింది. ఆ రోజు మన వాట్సాప్ గ్రూపులో నేను "పీడ వదిలింది" అని పెట్టాను. చాలామంది చప్పట్లు కొట్టారు. ఆ మెసేజ్ చదివినవాళ్ళే ఇప్పుడు ఇది కూడా చదువుతున్నారు, అందుకే ఇక్కడే చెబుతున్నాను, తప్పు చేశాను. అది ఎలా ఉంటుందో అయిదేళ్ళ ముందు మా ఇంట్లో చూసి కూడా చేశాను.

ఆ ఆదివారం నాన్నతో మాట్లాడుతుంటే, మాస్టారు వచ్చి "మీకన్నా వస్తోందా?" అని అడిగారనీ, ఆయన తరఫున తనే కేబుల్ ఆఫీసుకి రెండుసార్లు ఫోన్ చేశాననీ చెప్పారు. "మంచిదే కదా నాన్నా, అయిదేళ్ళు మనల్ని ఏడిపించారు" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "వాడి చానల్ వాడు చూడకపోతే సాయంత్రం నేనెవరితో మాట్లాడాలిరా?" అన్నారు.

ఇది మన రెండు రాష్ట్రాల్లో ఒక పార్టీ పని కాదు. తెలంగాణ ఏర్పడింది 2014 జూన్ 2న. కొత్త ఎమ్మెల్యేల ప్రమాణ స్వీకారం మీద వచ్చిన ఒక కార్యక్రమం లాంటివి అవమానకరంగా ఉన్నాయని ఆ నెలలోనే టీవీ9, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి కేబుల్‌లో ఆగిపోయాయి. తెలంగాణని కించపరిచే మీడియాని పది కిలోమీటర్ల లోతున పాతిపెడతామని ముఖ్యమంత్రి కేసీఆర్ ఆ సెప్టెంబరు 9న వరంగల్లో అన్నారు. ఆ రోజు ప్రజాకవి కాళోజీ శతజయంతి. ఎమర్జెన్సీని ఎదిరించిన మనిషి పుట్టినరోజున, ఆయన ఊళ్ళో వినాల్సిన మాటేనా అది? 2016 జూన్‌లో కాపు నేత ముద్రగడ దీక్ష జరుగుతుంటే ఆంధ్రలో సాక్షి టీవీ ఆగింది. 2019లో టీవీ5, ఏబీఎన్ ప్రభుత్వానిదైన ఏపీ ఫైబర్‌నెట్‌లో పోయాయి, ప్రసార వివాదాల ట్రిబ్యునల్ టీడీశాట్ దాకా వెళ్ళాల్సి వచ్చింది. 2024 జూన్లో సాక్షి, టీవీ9, ఎన్‌టీవీ, 10టీవీ. ఆ నెలాఖరులో ఢిల్లీ హైకోర్టు, ఊళ్ళలో కేబుల్ వాళ్ళకి చానళ్ళు అందించే 15 మంది ఎంఎస్‌ఓలకి టీవీ9 ప్రసారాలు మళ్ళీ ఇవ్వమని చెప్పింది. కాంగ్రెస్ మిత్రులు ఇక్కడ ఊపిరి పీల్చుకోవద్దు. వార్తలపై కేసులు పెట్టే అధికారాన్ని అధికారులకిచ్చే జీవో 938 వైఎస్ హయాంలో 2007లో వచ్చింది, జర్నలిస్టులు వీధికెక్కితే పక్కన పెట్టారు. దాన్నే 2019 అక్టోబరులో జగన్ ప్రభుత్వం జీవో 2430గా మళ్ళీ తెచ్చింది. 2025 మార్చిలో హైదరాబాదులో ఒక రైతు ముఖ్యమంత్రిని తిట్టిన వీడియో పెట్టినందుకు ఇద్దరు మహిళా జర్నలిస్టుల్ని అరెస్టు చేశారు.

చానల్ ఆపడంలో ఘోరమేమిటంటే కాగితం ఉండదు. ఆపమని ఆర్డరు ఉంటే దాని మీద కోర్టుకి వెళ్ళొచ్చు. ఇక్కడ "మాకేం సంబంధం, ఎంఎస్‌ఓలు వాళ్ళంతట వాళ్ళే ఆపుకున్నారు" అంటుంది ప్రతి ప్రభుత్వమూ. కానీ ఊళ్ళో కేబుల్ వైర్లు వేలాడేది కరెంటు స్తంభాల మీద. ఆ స్తంభం అద్దె బకాయి అనో, ప్రమాదం అనో ఏ పూటయినా వైరు తెంచెయ్యొచ్చు. ఆ సంగతి తెలిసిన కేబుల్ యజమానికి ఒక ఫోన్ కాల్ చాలు. మన హాల్లోనూ ఎవరూ తీర్మానం చెయ్యలేదు, ఒకరు సౌండ్ టేబుల్ దాకా నడిచారు, అంతే.

అవతలి వాదనలో బలం లేదని నేను అనడం లేదు. మన చానళ్ళు ఎలా ఉన్నాయో మనకి తెలియనిదా? ఏ చానల్ ఏ పార్టీదో పిల్లలు కూడా చెబుతారు. ఆడవాళ్ళని ఎంత మాట పడితే అంత మాట అంటున్నారు. 2025 జూన్‌లో సాక్షి టీవీ చర్చలో ఒక అతిథి అమరావతి మహిళల గురించి అన్న మాట విని మా చెల్లెలు ఏడ్చింది. అలా మాట్లాడినవాడి మీద కేసు పెట్టాలి, నాకు సందేహం లేదు. కానీ ఆ చర్చ నడిపిన పెద్ద వయసు జర్నలిస్టు కొమ్మినేని శ్రీనివాసరావు గారిని కూడా జైల్లో పెట్టారు. ఆయన రాతలు నాకు ఏనాడూ నచ్చలేదు. ఆ మాట అన్నది ఆయన కాదని గుర్తుచేస్తూ సుప్రీంకోర్టు జూన్ 13న విడుదల చెయ్యమంటే, చదివి నాకు హాయిగా అనిపించింది. తప్పు మాటకి పరువునష్టం దావా ఉంది, కోర్టు ఉంది, ఖండన ఉంది. చానల్ మొత్తం ఆర్పేస్తే ఆ ఒక్క మాటతో పాటు మార్కెట్ యార్డు ధరలు, తుఫాను హెచ్చరిక, మాస్టారి సాయంత్రం అన్నీ పోతాయి.

మనం ఇక్కడ దూరంగా ఉన్నాం, మనకేం అనుకోవడానికీ లేదు. 2023 డిసెంబరులో అమెరికా నుంచి వెళ్ళిన ఒక ఎన్నారైని సోషల్ మీడియా పోస్టుల కేసులో ఏపీ సీఐడీ శంషాబాద్ విమానాశ్రయంలోనే పట్టుకుంది. అప్పుడు సగం మంది మనవాళ్ళు గగ్గోలు పెట్టారు. 2024 నవంబరులో అవతలి పార్టీ సోషల్ మీడియా కుర్రాళ్ళ మీద వరసగా కేసులు పడితే మిగతా సగం గగ్గోలు పెట్టారు. రెండుసార్లూ అడిగినవాళ్ళని నేను వేళ్ళ మీద లెక్కపెట్టగలను.

ఊరికి దూరంగా ఉన్నవాళ్ళు తెలుగు పత్రికకి ఏం చేశారో కూడా ఒకసారి తలుచుకుందాం. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు ఆంధ్రపత్రిక మొదలుపెట్టింది తెలుగునేల మీద కాదు, 1908లో బొంబాయిలో, బతకడానికి వెళ్ళిన ఊళ్ళో. అదే ఏడాది తిరునల్వేలి కాల్పుల మీద 'స్వరాజ్య' పత్రికలో రాసిన సంపాదకీయానికి గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారిని రాజద్రోహం కేసులో మూడేళ్ళు జైల్లో పెట్టారు. సెక్షన్ 124ఎ. సరిగ్గా 113 ఏళ్ళ తర్వాత, 2021 మేలో, ఒక ఎంపీ మాటలు ప్రసారం చేశారని టీవీ5, ఏబీఎన్ మీద ఆంధ్ర పోలీసులు పెట్టిందీ అదే సెక్షన్. సుప్రీంకోర్టు అడ్డుపడింది. తెల్లవాడు మన నోరు నొక్కడానికి రాసుకున్న సెక్షన్‌ని మనవాడు మనవాడి మీద వాడినా, ఎటువైపు వాడు అని చూసి గానీ మనకి కోపం రావడం లేదు, ఇదే నా బాధంతా.

కార్యవర్గాన్ని రెండు అడుగుతున్నాను. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఒక తీర్మానం పెట్టండి, ఒప్పుకుని షెడ్యూల్లో పెట్టిన కార్యక్రమాన్ని మధ్యలో ఆపాలంటే ఎవరు ఆపారో, ఎందుకు ఆపారో స్టేజీ మీదికొచ్చి మైకులో చెప్పాలని. అభ్యంతరం ఉన్నవాళ్ళకి అదే స్టేజీ మీద అయిదు నిమిషాలివ్వండి, వాళ్ళు చెప్పేది నేను ముందు వరసలో కూర్చుని వింటాను. రెండోది, ఉగాది రోజు పంచాంగ శ్రవణం అయ్యాక, కవి సమ్మేళనానికి ముందు, ఆ పిల్లలకి మిగిలిన నాలుగు నిమిషాలు ఇవ్వండి. మామ్మ చివరికి కేబుల్ కుర్రాణ్ణి ఏం తెచ్చిపెట్టమంటుందో ఆ అబ్బాయి పార్కింగ్ లాట్‌లో నాకు చెప్పాడు. ఇక్కడ రాయను, వాడి నోట్లోంచి వినాలి. చీర మా ఇంట్లోనే ఉంది, మా ఆవిడ ఇస్త్రీ చేయించి పెట్టింది.