రెరా ఏజెంటు రెన్యూవల్‌కి ఫీజు ఒక్కటే చాలా?

ప్లాటు చూపించే ఏజెంటుకు రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు ఉందా అని అడిగేవాళ్లు ఇప్పుడిప్పుడే పెరుగుతున్నారు. మంచిదే. కానీ నంబరు ఉన్నంత మాత్రాన అతనికి పని తెలుసని కాదు. 2016 రెరా చట్టం తొమ్మిదో సెక్షన్ ఏజెంటు నుంచి కోరేది దరఖాస్తు, ఫీజు, పత్రాలు. తెలంగాణలో ఈ నమోదు ఐదేళ్లు చెల్లుతుంది. గడువు దగ్గరపడితే మళ్లీ దరఖాస్తు, మళ్లీ ఫీజు. ఈలోగా ఏం నేర్చుకున్నావన్న ప్రశ్న చట్టంలో ఎక్కడా లేదు.

మన భూముల వ్యవహారంలో ఐదేళ్లంటే తక్కువేం కాదు. 2020 జూన్‌లో నమోదై, 2025 జూన్‌లో రెన్యూవల్‌కి వచ్చిన హైదరాబాద్ ఏజెంటునే తీసుకోండి. అతను నంబరు తీసుకుని మూడు నెలలు తిరక్కుండానే అనుమతి లేని లేఅవుట్లను క్రమబద్ధం చేసే ఎల్ఆర్ఎస్ ఉత్తర్వులొచ్చాయి. అక్టోబరులో భూ రికార్డుల పోర్టల్ ధరణి మొదలైంది. 2024 జులైలో ఆక్రమణలు తొలగించే హైడ్రా ఏర్పడి, చెరువుల ఎఫ్‌టీఎల్‌లో (చెరువు నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దులో) కట్టినవాటి మీదికి బుల్డోజర్లను పంపింది. 2025 ఏప్రిల్‌లో ధరణి పోయి భూ భారతి వచ్చింది, రికార్డుల మీద అప్పీలుకు వెళ్లే దారి మళ్లీ తెరుచుకుంది. ఇవేవీ తెలియకపోయినా పత్రాలు సరిగా ఉంటే రెన్యూవల్ అయిపోతుంది.

ఆదివారం సైట్ విజిట్‌కి కారెక్కి చూడండి. "వచ్చే నెల రేటు పెరుగుతోంది సార్, ఇవాళే టోకెన్ ఇచ్చేయండి" అన్నది అందరికీ కంఠతా వచ్చు. సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో) ఉందా, చెరువు చుట్టూ కట్టడాలు కూడని బఫర్ జోన్ ఎక్కడిదాకా, ప్రీ-లాంచ్ పేరుతో యూడీఎస్ (భూమిలో విభజించని వాటా) అంటగడుతున్నారా అని అడిగితే మాత్రం "అన్నీ క్లియర్ సార్, లోన్ కూడా వస్తుంది" అంటారు. రెరాలో నమోదు కావలసిన ప్రాజెక్టు నమోదు కాకుండా ఉంటే, దాని అమ్మకంలో ఏజెంటు వేలు పెట్టకూడదని పదో సెక్షన్ చెబుతోంది. అది చదివినవాళ్లెందరో నాకు అనుమానమే.

కాలిఫోర్నియాలో సేల్స్‌పర్సన్ లైసెన్సు నాలుగేళ్లకోసారి రెన్యూవల్ చేయించుకోవాలి. దానికి 45 గంటల కోర్సులు పూర్తి చేయాలి. ఫ్రీమాంట్‌లో ఇళ్లమ్మే మన తెలుగువాళ్లకూ అంతే. ఆన్‌లైన్‌లో పేజీలు తిప్పేసి గట్టెక్కేవాళ్లు అక్కడా ఉంటారు. అయినా కొత్త రూలు వచ్చిందన్న సంగతి కనీసం చెవిన పడుతుంది. అంత దూరం ఎందుకు, మహారాష్ట్ర రెరా 2023లో ఏజెంట్లకు శిక్షణ, పరీక్ష తప్పనిసరి చేసింది. పార్లమెంటు కొత్త చట్టం చేసేదాకా ఆగలేదు. మన రెండు రాష్ట్రాల్లోనూ రెన్యూవల్‌కి ఇదే షరతు ఉండాలి.

బిగిస్తే నంబరు లేకుండానే వ్యాపారం చేసుకుంటారంటారు. ఇప్పుడు చేయడం లేదా? నమోదు లేని ఏజెంటుకు రోజుకు 10,000 రూపాయల చొప్పున, ఆస్తి ధరలో 5 శాతం దాకా జరిమానా వేయొచ్చని 62వ సెక్షన్ ఎప్పుడో చెప్పింది. వేయడమే తరువాయి.

ఇంకో ఇబ్బంది మాత్రం నిజమైనదే. పరీక్ష ఇంగ్లిష్‌లో పెడితే షాద్‌నగర్‌లోనో సదాశివపేటలోనో ఏళ్లుగా భూములు చూపిస్తున్న పెద్దమనిషి ఫెయిలవుతాడు, పహాణీ చూడడం ఎరగని ఎంబీఏ కుర్రాడు పాసవుతాడు. కాబట్టి పరీక్ష తెలుగులో, ఉర్దూలో కూడా ఉండాలి. ఆప్షన్లకు టిక్కులు పెట్టించడం కాదు, ఒక ఈసీ (ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం), ఒక లింకు డాక్యుమెంటు (అదే ఆస్తి పాత దస్తావేజు), ఒక లేఅవుట్ ప్లాను చేతికిచ్చి, ఇందులో తేడా ఎక్కడుందో చెప్పమనాలి.