నాలుగు గోడల మధ్య మబ్బు పడుతుందా?

అమెరికాలోని ఫ్లోరిడాలో నాసాకు వెహికిల్ అసెంబ్లీ బిల్డింగ్ అని ఒక భవనం ఉంది. చంద్రుడి మీదికి మనుషులను మోసుకెళ్లిన సాటర్న్-5 రాకెట్లను నిలువుగా నిలబెట్టి బిగించింది అందులోనే. ఎత్తు 160 మీటర్లు, లోపలి ఖాళీ 36 లక్షల ఘనపు మీటర్ల పైమాటే. బాగా ఉక్కపోసే రోజుల్లో ఆ భవనం పైకప్పు దగ్గర మబ్బులు పడతాయని, అందుకే అంత భారీ ఏసీ పెట్టారని ఎప్పటినుంచో చెప్పుకుంటున్నారు. అమెరికాలోనే ఎవరెట్ అనే ఊళ్లో ఉన్న బోయింగ్ విమానాల ఫ్యాక్టరీ గురించీ ఇదే కథ. అది కోటీ 33 లక్షల ఘనపు మీటర్ల భవనం, పరిమాణంలో ప్రపంచంలోకెల్లా పెద్దది. కోకాపేటలో యాభై అంతస్తులు దాటిన టవర్లు లేస్తున్నాయి కాబట్టి, ఈ ముచ్చట హైదరాబాద్‌లో ఎంతవరకు నిజమవుతుందో లెక్క వేసి చూడాల్సిన సమయం వచ్చింది.

లెక్క పెద్ద కష్టమేమీ కాదు. పైకి లేచే గాలి ప్రతి 100 మీటర్లకు దాదాపు ఒక డిగ్రీ చల్లబడుతుంది. ఎంత చల్లబడితే అందులోని ఆవిరి నీటి తుంపరగా మారుతుందో ఆ ఉష్ణోగ్రతను తుషార బిందువు అంటారు. నేల దగ్గరి ఉష్ణోగ్రతకూ తుషార బిందువుకూ మధ్య ఎన్ని డిగ్రీల తేడా ఉంటే అన్ని 125 మీటర్ల ఎత్తులో మబ్బు మొదలవుతుంది. మే నెల మధ్యాహ్నం మన దగ్గర 41 డిగ్రీలు ఉండి తుషార బిందువు 17 దగ్గర ఉందనుకుందాం. తేడా 24. అంటే మబ్బు పట్టాలంటే మూడు కిలోమీటర్ల ఎత్తు భవనం కావాలి. అదే జులైలో ముసురు పట్టిన రాత్రి 23 డిగ్రీలు, తుషార బిందువు 22 అయితే 125 మీటర్లు చాలు. నాసా భవనం లాంటి తలుపులు తీసిన బోలు కట్టడం అలాంటి రాత్రి ఇక్కడ ఉంటే, దాని పైభాగంలో పల్చటి పొగమంచు పట్టడం అసాధ్యమేమీ కాదు.

కానీ వాన పడదు. మబ్బులోని తుంపర బొట్టు మిల్లీమీటరులో యాభయ్యో వంతు ఉంటుంది. రెండు మిల్లీమీటర్ల వాన చినుకు తయారు కావాలంటే అలాంటివి పది లక్షలు కలవాలి. అవి ఒకదానితో ఒకటి ఢీకొని పెరగడానికి కావాల్సిన లోతు ఏ భవనంలోనూ లేదు. పైగా ఏసీ ఉన్న చోట మబ్బు మాటే ఉండదు. 24 డిగ్రీల దగ్గర, సగం తేమతో నడిచే ఆఫీసులో తుషార బిందువు 13 దగ్గర ఉంటుంది. ఆ గాలి 1,300 మీటర్లకు పైగా లేస్తే తప్ప మబ్బు కట్టదు. ఏసీ గాలిలోంచి నీళ్లను ముందే పిండేస్తుంది కదా.

మరి భవనాల లోపల వాతావరణం అనేది ఉత్త కట్టుకథేనా? కాదు. మబ్బు గురించి మాట్లాడుకుంటూ అసలు వాతావరణాన్ని వదిలేస్తున్నామన్నదే నా బాధ. గాలి, వేడి, మంచు... ఈ మూడూ మన పెద్ద భవనాల్లో రోజూ తయారవుతున్నాయి.

మంచు సంగతి ముందు, అంటే గాలిలోని ఆవిరి చల్లటి వాటి మీద నీటిబొట్లుగా పట్టడం. అమెరికాలోని అక్రన్‌లో 1929లో గుడ్‌ఇయర్ కంపెనీ ఎయిర్‌షిప్‌ల (తేలికైన వాయువు నింపి ఎగరేసే భారీ బెలూన్ ఓడల) కోసం ఒక షెడ్డు కట్టింది. 64 మీటర్ల ఎత్తు. బయట వాతావరణం ఒక్కసారిగా మారితే దాని లోపల పైకప్పు నుంచి తుంపర రాలుతుందని ప్రతీతి. అంత దూరం పోనక్కర్లేదు. మేడ్చల్ చుట్టుపక్కల రేకుల గోడౌన్‌లోకి డిసెంబరు తెల్లవారుజామున వెళ్లి చూడండి. రాత్రంతా ఆకాశానికి వేడిని వదిలేసిన రేకు, లోపలి గాలి తుషార బిందువు కన్నా కిందికి చల్లబడుతుంది. రేకు అడుగున చెమర్చిన నీళ్లు పర్లిన్ల (రేకును మోసే అడ్డకమ్మీల) వెంట జారి అట్టపెట్టెల మీద వరుసగా చుక్కలు పడతాయి. ఎత్తు పది పన్నెండు మీటర్లే. చిటపట వాన పడినట్టే ఉంటుంది, మబ్బు మాత్రం ఉండదు. ఆఫీసుల్లో దీని రూపం వేరు. చల్లటి నీళ్ల పైపు మీద ఇన్సులేషన్ ఎక్కడ చిరిగితే అక్కడ వానాకాలం గాలి చెమర్చి ఫాల్స్ సీలింగ్ మీద కారుతుంది. పలక మీద గోధుమ రంగు మరక, దాని కింద హౌస్‌కీపింగ్ వాళ్లు పెట్టిన బకెట్. ఐటీ కారిడార్‌లో ఈ దృశ్యం చూడని ఉద్యోగి ఉండరు.

తేమను మనుషులు కూడా మోసుకొస్తారు. ఊరికే కూర్చున్న మనిషి ఊపిరి, చెమట ద్వారా గంటకు 50 గ్రాముల దాకా ఆవిరిని వదులుతాడు. శ్రావణమాసం పెళ్లికి కన్వెన్షన్ హాలులో రెండు వేల మంది చేరితే గంటకు వంద లీటర్ల నీరు గాలిలో కలిసినట్టు. బఫే దగ్గర బిర్యానీ ఆవిరి అదనం. కరెంటు పోయి, జనరేటర్ లైట్లకే సరిపోయి ఏసీ ఆగితే, తలంబ్రాలు పూర్తయ్యేలోపే పట్టుచీరలు ఒంటికి అతుక్కుంటాయి.

ఇక గాలి. చలిదేశాల్లో చలికాలం లోపలి వేడిగాలి లిఫ్టు తిరిగే నిలువు దారుల్లోంచి, మెట్ల దారుల్లోంచి పైకి ఎగబాకుతుంది. మన ఎండాకాలంలో ఇది తిరగబడుతుంది. బయట 42, లోపల 24 ఉంటే, 100 మీటర్ల టవర్లో బరువైన చల్లగాలి కిందికి దిగి లాబీ తలుపు నుంచి బయటికి తోసుకుపోతుంది. పై అంతస్తుల సందుల్లోంచి వేడిగాలి లోపలికి వస్తుంది. పైకీ కిందికీ కలిపి ఈ ఒత్తిడి 60 పాస్కల్స్ (ఒత్తిడిని కొలిచే ప్రమాణం) పైచిలుకు. అందులో సగం లాబీ దగ్గర పడినా, రెండు చదరపు మీటర్ల తలుపు మీద ఆరు కిలోల బరువు నిలిచినట్టే. అపార్ట్‌మెంట్లలో కారిడార్‌కు ఏసీ ఉండదు కాబట్టి, సెంట్రల్ ఏసీ ఉన్న ఆఫీసు టవర్లలోనే ఇది గట్టిగా తెలుస్తుంది.

మామూలు రోజు ఇదంతా కరెంటు బిల్లు సమస్యే. నిప్పు అంటుకున్న రోజు ప్రాణాల సమస్య. 2023 మార్చిలో సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు పొగకు ఊపిరాడక చనిపోయారు. ఎత్తయిన భవనంలో పొగ ఏ దారిన పోతుందో తేల్చేది మంట ఒక్కటే కాదు, లోపల అప్పటికే వీస్తున్న గాలి కూడా. గాజు కప్పున్న పెద్ద ఏట్రియంలో (అంతస్తులన్నిటి మధ్య కప్పుదాకా ఖాళీగా వదిలిన హాలులో) ఇంకో చిక్కుంది. ఎండకు కప్పు కింద వేడిగాలి పొరలా పేరుకుంటుంది. కింద చిన్న మంట లేస్తే దాని పొగ అంతదాకా ఎక్కలేక మధ్యలోనే పరుచుకుంటుంది. కప్పుకు బిగించిన స్మోక్ డిటెక్టర్ మోగదు. అగ్నిమాపక ఇంజినీర్లకు బాగా తెలిసిన సంగతే ఇది. వేర్వేరు ఎత్తుల్లో బీమ్ డిటెక్టర్లు (హాలుకు అడ్డంగా కాంతి కిరణం పంపి, పొగ అడ్డొస్తే పసిగట్టేవి) పెట్టడం దానికి విరుగుడు. మాల్‌కు వెళ్లినప్పుడు నేను తల ఎత్తి వాటికోసమే వెతుకుతుంటాను.

ఎఫ్ఎస్ఐ (స్థలం విస్తీర్ణానికి ఎన్ని రెట్లు కట్టవచ్చో చెప్పే లెక్క) పరిమితి లేని నగరం మనది. కొత్త టవర్ అనగానే ట్రాఫిక్, మంచినీళ్లు, మురుగు గురించి వాదించుకుంటాం, అవి వాదించాల్సినవే. లోపలి గాలి ఎటు వీస్తుంది, ఎక్కడ వేడెక్కుతుంది అన్న ప్రశ్న మాత్రం ఎవరి నోటా రాదు. దాని భారం అందరి మీదా సమానంగా పడదు. లాబీలో కూర్చున్నవాళ్లకు చల్లగాలి దక్కుతుంది. గోడౌన్‌లో మెజనైన్ (లోపలే అదనంగా కట్టిన అర అంతస్తు) పై అంతస్తులో సరుకు ఏరే కుర్రాళ్లకు, చేయి పెట్టలేనంత కాలిన రేకు తల మీద రెండు మూడు మీటర్ల దూరంలో ఉంటుంది. కింద గేటు దగ్గర ఉన్న సూపర్‌వైజర్‌కు ఆ వేడి అంతుపట్టదు.

తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ (ఎండను వెనక్కి కొట్టే పైకప్పు) విధానం తెచ్చింది. మంచి పని. తెల్ల పూత పగటి వేడిని గణనీయంగా తగ్గిస్తుంది. అయితే రాత్రి రేకు చెమర్చడం దానితో ఆగదు. దానికి రేకు అడుగున ఇన్సులేషన్, పైకప్పు కొప్పు దగ్గర వేడిగాలి పోయే దారి కావాలి. ఏట్రియం ఉన్న ప్రతి భవనానికీ అగ్నిమాపక అనుమతి ఇచ్చేముందు మే నెల మధ్యాహ్నం, కప్పు వేడెక్కి ఉన్నప్పుడే పొగ పరీక్ష చేయాలి. గోడౌన్ల తనిఖీకి వచ్చే అధికారులు థర్మామీటర్‌ను గేటు దగ్గర కాదు, మెజనైన్ పై అంతస్తులో మధ్యాహ్నం మూడు గంటలకు పెట్టి చూడాలి, ఆ అంకెనే రికార్డుల్లో రాయాలి.