చీజ్‌కు వరుడు కావలెను

చీజ్‌కీ వైన్‌కీ జత కుదర్చడాన్ని స్పెయిన్‌లో మరిదాహె అంటారు. మరీదో అంటే మొగుడు. మన చెవికి మాత్రం ఎవరి మరిదికో దాహమేసినట్టు వినిపిస్తుంది. మాడ్రిడ్‌లో నలభై యూరోలు కట్టి ఆ పెళ్లిళ్ల పేరయ్య ముందు రెండు గంటలు కూర్చున్నాను. దాహం కూడా తీరలేదు.

పలక మీద ఐదు చీజ్ ముక్కలు, ఒక్కోటి తపాలా బిళ్లంత. నల్ల ఏప్రన్ కట్టుకున్న పేరయ్య గ్లాసును మూడుసార్లు తిప్పి, ముక్కు అందులో దించి, కళ్లు మూసుకున్నాడు. మేం పన్నెండుమందిమీ మూసుకున్నాం. "ఏం వాసన తగులుతోంది?" అన్నాడు. ఒకావిడ "తడిసిన రాయి" అంది. భేష్. ఒకాయన "పాత గుర్రపు జీను" అన్నాడు. ఆయన ఎప్పుడైనా గుర్రం ఎక్కాడో లేదో మనకెందుకు. నా వంతొచ్చింది. "ద్రాక్ష" అన్నాను. తన గ్లాసు నేను ఎంగిలి చేసినట్టు చూశాడు పేరయ్య.

తర్వాత జాతకాలు. మాంచెగో చీజ్ లా మాంచా గొర్రెల ఇంటి పిల్ల, ఒంటి మీద గడ్డి జడ అచ్చు, వయసు రెండేళ్లు మించరాదు. వరుడు రియోహా రెసెర్వా వైన్, మూడేళ్లు ఆగినవాడు, అందులో కనీసం ఏడాది పీపా వాసం. గలీషియా పిల్ల తెతియ్యా చీజ్‌కు అల్బరీన్యో వైన్. తెతియ్యా అంటే ఏమిటో ఇక్కడ రాయలేను, ఆకారం చూస్తే అడగరు కూడా.

పేరయ్య ఎత్తని సామెత ఒకటుంది: "చీజ్ పెట్టి నీకు అంటగట్టనివ్వకు." పాడైన వైన్ అమ్ముకోవడానికి లా మాంచా వర్తకులు కొనేవాడికి ముందుగా ఘాటైన చీజ్ తినిపించేవారట. నాలుక మొద్దుబారాక ఏదైనా అమృతమే. పెళ్లిచూపుల్లో నోటినిండా జంతికలు కుక్కేది అబ్బాయి జీతం అడక్కుండా ఉండాలనే కదా.

చివరి ముక్క కబ్రాలెస్. అస్తూరియాస్ కొండల్లో, సున్నపురాతి గుహల్లో నెలల తరబడి మగ్గే నీలి బూజు చీజ్. దానికి బెల్లప్పాకం లాంటి పెద్రో హిమేనెస్ షెర్రీ పోశాడు. నా పక్కనున్న ముసలాయనది ఆ అస్తూరియాసే. "సిద్రా లేదా బాబూ?" అన్నాడు. సిద్రా అంటే పులిసిన ఆపిల్ రసం. అక్కడ సీసాను తలపైకెత్తి, తొడ దగ్గర పట్టుకున్న గ్లాసులోకి సన్నటి ధార పోస్తారు, నురగ చావకముందే తాగేస్తారు. పెద్దాయన చెయ్యెత్తి చూపించాడు కూడా.

పేరయ్య నవ్వాడు. "అది పల్లెటూరి అలవాటండీ, ఇది మరిదాహె." సగంమంది ఆయనతో కలిసి నవ్వారు.

ఎవడివయ్యా నువ్వు? ఆ గుహల్లోకి చీజ్ మోసినవాళ్లు, చలిలో దాన్ని తిరగేసి తుడిచినవాళ్లు ఆ ముసలాయన మనుషులు. బూజు పట్టిందని పారెయ్యకుండా నోట్లో పెట్టుకునే ధైర్యం చేసింది వాళ్లు. నువ్వు చేసిందేమిటి? ఏప్రన్ కట్టుకున్నావు. ఒక మనిషిని తన ఊరి తిండి మీదే పరీక్ష పెట్టి, ఫెయిల్ చేసి, పైగా పదిమందిలో నవ్వడానికి సిగ్గుండాలి. నవ్విన ఆ సగంమందికీ ఉండాలి, వాళ్ల తడిసిన రాళ్లతో సహా.

వెళ్లేముందు తలా ఒక ఫారం ఇచ్చారు: ఈరోజు మీరు గుర్తించిన పరిమళాలు రాయండి. ముసలాయన కళ్లజోడు పెట్టుకుని, పెద్ద పెద్ద అక్షరాలతో "ఊవా" అని ఒక్కమాట రాసి, కాగితం నా వైపు తిప్పాడు.

ఊవా అంటే ద్రాక్ష.