సొంత అభిప్రాయం ఎవరడిగారు?

గుంటూరు, విజయవాడల్లో ఎం.ఏ. ఇంగ్లీషు చదివే పిల్లల మీద ఈ మధ్య ఒక దౌర్జన్యం మొదలైంది. కొందరు కుర్ర లెక్చరర్లు క్లాసులోకొచ్చి, ‘షేక్‌స్పియర్ నాటకంలో హామ్లెట్ పగ తీర్చుకోవడానికి ఎందుకంత జాప్యం చేశాడు? నీ వాదనేమిటో ఒక్క వాక్యంలో రాయి, మిగతా వ్యాసమంతా దాన్ని నిరూపించు’ అంటున్నారు. ఆ వాక్యాన్ని థీసిస్ స్టేట్‌మెంట్ అంటారట. తల్లిదండ్రుల సంఘాలు ఇంకా నిద్రపోతున్నాయి.

పిల్లాణ్ణి రెసిడెన్షియల్ కాలేజీలో వేసి, తెల్లారకముందే స్టడీ అవర్‌కి లేపి, లక్షలు పోసి మనం నేర్పించిందేమిటి? ప్రశ్న చూడగానే జవాబు గుర్తుకు రావాలి, ఆలోచన రాకూడదు. అన్నేళ్ల క్రమశిక్షణను ఒక్క సెమిస్టర్‌లో చెడగొడతామంటే ఎలా?

అసలు మన పద్ధతికి ఏం లోటు? ప్రశ్న ఏదైనా ‘షేక్‌స్పియర్ 1564లో స్ట్రాట్‌ఫర్డ్‌లో జన్మించెను’ అనే మొదలుపెడతాం. జాప్యం గురించి అడిగితే రెండు పేజీల దాకా విషయానికి రాకుండా, ఆ జాప్యమేదో చేసి చూపిస్తాం. తర్వాత సైడ్ హెడింగులు, వాటి కింద స్కెచ్ పెన్ గీతలు, నడుమ ఇన్వర్టెడ్ కామాల్లో విమర్శకుడు బ్రాడ్లీ. మన బ్రాడ్లీ గుంటూరు బ్రాడీపేట జిరాక్స్ షాపులో దొరుకుతాడు. ఆ మాట ఆయన నిజంగా అన్నాడా అని పేపర్లు దిద్దేవారు ఎన్నడూ అడగలేదు. పాపం, అంత కట్ట ముందు పెట్టుకుని ఎవరడుగుతారు? అడిషనల్ షీట్ల బరువు చూసి మార్కులు వేస్తారు. తూకంలో పక్షపాతం ఉండదు కదా.

సొంత అభిప్రాయాలు ఎంత దూరం తీసుకెళ్తాయో కవి, విమర్శకుడు టి.ఎస్. ఎలియట్‌ని చూడండి. 1919లో ఏకంగా హామ్లెట్ నాటకమే కళగా విఫలమైందనేశాడు. ఆయనకు ఇంటర్నల్ మార్కుల టెన్షన్ లేదు కాబట్టి సరిపోయింది.

పైగా యూనివర్సిటీలకు రూల్సు పెట్టే యూజీసీ ఒకటి. కాపీ కొట్టడం మీద 2018లో నిబంధనలు తెచ్చింది. పరిశోధన గ్రంథంలో ఇతరుల రాతలతో పోలికలు 10 శాతం దాకా ఉంటే శిక్ష లేదు, 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. అంటే ఎం.ఏ. పరీక్షలో గైడును మక్కీకి మక్కీ దించి ఫస్ట్ క్లాస్ తెచ్చుకున్న కుర్రాడు, పీహెచ్‌డీలో చేరిన మర్నాడు అదే పని చేస్తే నేరస్థుడన్నమాట. మధ్యలో వాడికి ఏం నేర్పారని అడక్కండి. వేసవి సెలవులిచ్చారు.

అయినా నాకు మన పిల్లల మీద నమ్మకముంది. ఒక లెక్చరర్ ఉదాహరణగా బోర్డు మీద ఓ థీసిస్ స్టేట్‌మెంట్ రాసి, ‘ఇలా మీరు సొంతంగా రాయండి’ అన్నాడట. వారం తిరిగేసరికి క్లాసంతా అదే వాక్యంతో వ్యాసాలిచ్చింది, కామాతో సహా. ఏ ప్రశ్నకైనా పనికొచ్చే థీసిస్ స్టేట్‌మెంట్లు ఇప్పుడు స్పైరల్ బైండింగ్‌లో దొరుకుతున్నాయి. పరీక్షల ముందు రేటు పెరుగుతుందట, త్వరపడండి.